ఐసు గదిలో మామ గుండె

కాదు, ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను. చలి గుండెను కాపాడుతుందట! అయితే పెద్ద డాక్టర్లంతా ఆసుపత్రులు మూసేసి ఐసు ఫ్యాక్టరీలు పెట్టుకోవచ్చుగా? ఈ మాట అన్నందుకు ప్రొద్దుటూరులో నన్ను పొగరుబోతు అన్నారు. అననీ.

మద్రాసు మనది కాదని తేలిపోయి, కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజులవి. మద్రాసులోనే పుట్టి పెరిగిన నన్ను ప్రొద్దుటూరు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా వేశారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫోను చేతిలోనే, ఊళ్ళోవాళ్ళ మాటలు చెవిలోనే. ఒక నెల ఆ పని చేసి చూడండి, ఎవరినీ నమ్మబుద్ధి కాదు.

నేను అద్దెకున్న ఇంటాయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వీధంతా ఆయన్ని మామా అనేది, నేనూ అలాగే పిలిచాను. పదిహేనేళ్ళుగా ఐసు గదిలో దిమ్మలు లాగే పని. ఎండలోంచి వచ్చి నేరుగా లోపలికి పోయేవాడు కాదు. వాకిట్లో నిలబడి ముందు చేతులు తడుపుకునేవాడు, తర్వాత కాళ్ళు, ఆఖర్న రొమ్ము. ఒక ఆకూ వక్కా నమిలేంత సేపు. కొత్తగా చేరినవాణ్ణి వారం రోజులు బయటే, దిమ్మల మీద ఊక కప్పే పనిలో పెట్టేవాడు. ఆ తర్వాతే రోజుకు కాసేపు లోపలికి రానిచ్చేవాడు.

ఆ ఎండాకాలం బండికి దిమ్మ ఎక్కిస్తూ మామ రొమ్ము పట్టుకొని కూలబడ్డాడు. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండెకు దెబ్బ తగిలింది గానీ మనిషి దక్కాడు. ఇంటికొచ్చిన నాలుగో రోజు ఫ్యాక్టరీ సావుకారు జమ్మలమడుగు డాక్టరుకు ట్రంకు కాల్ అడిగాడు. కలిపింది నేనే. లైను నిలిచిందో లేదో చూడాలి కాబట్టి విన్నాను. సరే, అంతకంటే ఎక్కువే విన్నాను.

"ఏండ్ల తరబడి కొంచెం కొంచెంగా చలికి అలవాటు పడిన ఒళ్ళు. అందుకే గుండె ఇంత దెబ్బను తట్టుకుందేమో. ఖాయంగా చెప్పలేను," అన్నాడు డాక్టరు. "అది దెబ్బ తగలకముందు మాట. ఇప్పుడు మాత్రం రెండు నెలలు బరువు ఎత్తకూడదు, ఆ గదిలోకి పోకూడదు."

సాయంత్రం సావుకారు వచ్చి మామ మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమప్పా, డాక్టరుతో మాట్లాడినా. చలే నీ గుండెను కాచిందంట! ఈ ఉడుకులో పడుకుంటే ఏమొస్తాది? రేపట్నించి వచ్చెయ్. నువ్వు లేక దిమ్మలన్నీ పగిలిపోతాండాయి."

రెండు నెలల ఊసే లేదు! మామ ముఖం వెలిగిపోయింది. గడపలో నిలబడి నేను వింటూనే ఉన్నాను. లైన్లో విన్నది బయట చెబితే ఉద్యోగానికే ముప్పు.

మర్నాడు భోజనం వేళ ఎండలో పరుగెత్తుకుంటూ ఫ్యాక్టరీకి పోయాను. మామ అప్పటికే లోపలున్నాడు. కోపంలో తలుపు తోసుకొని నేరుగా దూరాను. ఊపిరి గొంతులోనే ఆగింది. గుండె దడదడలాడింది. ఒళ్ళంతా వణికి తడి నేల మీద కూలబడ్డాను. మామే నా రెక్క పట్టి బయటికి తెచ్చి ఊక బస్తా మీద కూర్చోబెట్టాడు.

"ఏందప్పా మద్రాసోడా, అత్తగారింటికి వచ్చినట్టు దూరితివే? చలిని పలకరించి పోవల్ల. చూస్తివా, వయసు పిల్లోనివి నువ్వు వణకతాండావు, గుండెజబ్బోన్ని నేను నిన్ను ఈడ్చుకొచ్చినా. డాక్టరు చెప్పింది నిజమే కదా!"

ఒళ్ళు మండింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నమ్మాను కూడా. వెంటనే ఇంకో అనుమానం. చలికి ఆగలేనివాళ్ళు వారంలోనే పని మానేసి పోతారు కదా. మిగిలినవాళ్ళ గుండె మొదట్నుంచే గట్టిదేమో! ఇంతలో మామ, నవ్వుతూనే, అరచేత్తో రొమ్ము అదుముకున్నాడు.

అంతే, కక్కేశాను. "రెండు నెలలు ఈ గదిలోకి పోకూడదన్నాడు మామా డాక్టరు! బరువు ఎత్తకూడదన్నాడు! మీ సావుకారు సగమే చెప్పాడు."

"నీకెట్ల తెలుసు?"

"ఫోన్లో విన్నాను."

మామ నవ్వు ఆగిపోయింది. "ఇది బయటపడితే నీ పని పోదా అప్పా?"

"పోనీ!"

ఆయన ఇనుప కొక్కెం గోడకు తగిలించి, భుజం మీది గోనెపట్టా తీసేసి, నెమ్మదిగా ఇంటికి నడిచాడు. ఎవరు చెప్పారని సావుకారు నిలదీస్తే అబద్ధం చెప్పడం మామకు చేతకాలేదు. సావుకారు ఫిర్యాదు మీద నెల తిరక్కుండానే నన్ను పులివెందులకు మార్చారు.

ఇక్కడి బస్టాండులో ప్రొద్దుటూరువాళ్ళు కనబడితే ఎగతాళే. "మీ మామ రాయి మాదిరి ఉండాడు. రెండు నెలలైనాక మళ్ళా లోపలికి పోతాండాడు. చలి మంచిదే కదప్పా, నువ్వే శానా అనుమానపు మనిషివి!"

చలి మంచిదే కావచ్చు, నాకు తెలీదు. కానీ ఆ రెండు నెలలు ఆయనకు ఎవరిచ్చారు, చలా? విన్నది బయట చెప్పడం తప్పేనని మీరూ అంటారేమో, ఆ మంచం మీద మీ నాన్నే ఉంటే, ఆ ఫోను మీ చెవికే ఉంటే, మీరు నోరు మూసుకొని కూర్చునేవాళ్ళా?