గేదె వద్దన్న చొప్ప

2023 ఏప్రిల్. తిరువూరు శివార్లలో మొక్కజొన్న చొప్ప నుంచి గ్యాస్ తీసే ఒక చిన్న ప్లాంటు కొత్తగా మొదలైంది. అందులో నేను కెమిస్టుని. ఉదయం కుటుంబ ప్రార్థన ముగించుకుని షిఫ్టుకు వెళ్ళేదాన్ని.

ఎండిన చొప్పలోని చక్కెరలను లిగ్నిన్ అనే పదార్థం బంకలా పట్టుకుని ఉంటుంది. దాన్ని వదిలించడానికి చేసేదే స్టీమ్ ఎక్స్‌ప్లోజన్. ముక్కలు కొట్టి తడిపిన చొప్పను ఉక్కు పాత్రలో బిగించి, ఎక్కువ ఒత్తిడితో కొన్ని నిమిషాలు ఆవిరి పట్టించి, వాల్వును ఒక్కసారిగా తెరుస్తాం. ఢామ్మని శబ్దం వస్తుంది, పీచు విచ్చుకుని మెత్తగా బయట పడుతుంది. దాన్ని డైజెస్టర్ అనే మూసిన ట్యాంకులోకి పంపితే, పేడలోని సూక్ష్మజీవులు తిని గ్యాస్ ఇస్తాయి. దేవుడు పశువు పొట్టలో చేసిన ఏర్పాటునే మేం ఇక్కడ ఇనుముతో కట్టుకున్నామని సండే స్కూల్ పిల్లలకు చెబుతుంటాను.

మొదట్లో గ్యాస్ బాగానే వచ్చింది. ఇంకా కావాలని హెడ్డాఫీసు అడిగింది. మేనేజరు శ్రీధర్ గారు ఆవిరి ఒత్తిడీ, పట్టించే సమయమూ పెంచారు. గ్యాస్ తగ్గింది. చొప్ప ఉడకలేదేమోనని మళ్ళీ పెంచారు. ఇంకా తగ్గింది. నెలాఖరుకు కోలుకోకపోతే చొప్ప తీసుకోవడం ఆపేయమని పైనుంచి ఫోను వచ్చింది.

ఆపేస్తే దగ్గర్లోని వినగడప రైతులు చొప్పను ఎప్పటిలా పొలాల్లోనే తగలబెడతారు. అంతకు ముందు ఏడు ఆ పొగకు మా మందిరంలో కిటికీలు మూసుకుని ఆరాధన చేశాం. ఉబ్బసం ఉన్న మా అత్తగారు పాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. అందుకే ఆ ప్లాంటు నిలబడాలని రోజూ ప్రార్థించేదాన్ని.

మాకు చొప్ప తోలే వినగడప రైతు నరసయ్య గారికి, ఉడికిన చొప్ప ఒక గంప తన గేదెకు పట్టుకెళ్ళడం అలవాటు. ఒకరోజు ఆ గంపను అలాగే తెచ్చి నా ముందు పెట్టారు.

“ఏంటమ్మా సునీతా, ఈసారి ప్రార్థన చెయ్యకుండా పంపించారా? మా గేదె ముట్టుకోలేదు.”

“చేశాం బాబాయి గారూ. గేదెకి ఒంట్లో బాగుందా?”

“దానికేం, పొద్దున నా తువ్వాలు కూడా నమిలింది. మీ చొప్పే వద్దంది. మొదట్లో గంప అడుగు కూడా నాకేది.”

గుప్పెడు తీసి వాసన చూశాను. పాకం ముదిరి మాడిన వాసన. ఆ తియ్యటి వాసన మంచి గుర్తేనని ప్లాంటులో అందరం అనుకుంటున్నాం. కానీ చక్కెర మాడితే ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం పుడుతుంది. అది ఎక్కువైతే డైజెస్టర్‌లోని సూక్ష్మజీవులు మందగిస్తాయి. ల్యాబుకు శాంపిల్ పంపాను గాని, రిపోర్టు వచ్చేలోగా నెల దాటిపోతుంది. శ్రీధర్ గారి దగ్గరికి వెళ్ళి, మొదటి వారం సెట్టింగులకే తిరిగి వెళదామన్నాను.

“గేదె తినలేదని మార్చామంటే హెడ్డాఫీసు వాళ్ళు ఏమంటారు మేడమ్?”

“గేదె మాట ఎత్తకండి సార్. బాగా నడిచిన సెట్టింగులకు వెళ్ళామని చెప్పండి.”

“నా ఉద్యోగం గేదెకి అప్పగిస్తున్నారు” అని నవ్వి, ఒప్పుకున్నారు.

దెబ్బతిన్న డైజెస్టర్ కోలుకోవడానికి తాజా పేడ కావాల్సి వచ్చింది. నరసయ్య గారినే అడిగాను.

“దానికేమో మాడిన మేత పెడతారు, దాని పేడ మాత్రం కావాలా? సరే, పంపిస్తాలే” అన్నారు.

చొప్ప రంగు లేతబడింది. గేదె మళ్ళీ తినడం మొదలుపెట్టింది. దాని వెనకే గ్యాస్ మీటరు కూడా మెల్లగా లేచింది. నెలాఖరుకు హెడ్డాఫీసు చొప్ప ఆపమన్న మాట వెనక్కి తీసుకుంది. తర్వాత వచ్చిన ల్యాబు రిపోర్టులో ఫర్‌ఫ్యూరల్ ఎక్కువనే ఉంది. ఆ వేసవిలో మందిరం కిటికీలు తెరిచే ఉన్నాయి, అత్తగారు ఆరాధన చివరిదాకా కూర్చున్నారు.

సంఘంలో ఈ సంగతి సాక్ష్యంగా చెబితే పాస్టరు గారు, “బైబిల్లో గాడిద నోరు తెరిపించి మాట్లాడించిన దేవుడికి గేదె నోరు మూయించడం ఎంత పని, సిస్టర్?” అన్నారు. అందరూ నవ్వారు.

ఫలితం రాకపోతే మంట ఇంకాస్త పెంచాలనిపించడం సహజమే. దారి తప్పినప్పుడు ఇంకా వేగంగా నడవకుండా, ఎక్కడ తప్పామో అక్కడికి తిరిగి రావాలని చిన్నప్పటి నుంచి మందిరంలో వింటూనే ఉన్నాను. మారుమనస్సు అంటే అదే. ఆవిరి వాల్వు దగ్గర కూడా అది అవసరమేనని ఆ నెలలో తెలిసింది.