నా చొక్కా మడతలో తూటా

ఎనభైల మొదట్లో మాట. మా ఎన్‌సీసీ క్యాంపు మాచర్ల అవతల నాపరాళ్ల నేల మీద పెట్టారు. నేను నరసరావుపేట కాలేజీలో ఆఖరి ఏడాది, సీనియర్ క్యాడెట్‌ని. సైన్యంలో ఆఫీసర్నవ్వాలని పిచ్చి. సి సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ కాగితం కోసం మూడేళ్లు బూట్లు తోమాను.

ఫైరింగ్‌లో ఎన్ని తూటాలు పేలిస్తే అన్ని ఖాళీ ఇత్తడి తొడుగులూ ఏరి అప్పగించాలి. సైన్యంలో అది పద్ధతి. ప్రతి జట్టూ లేవగానే లెక్క చూడాల్సింది నేను. ఎండకు విసుగొచ్చి, చివర్లో ఒకేసారి చూద్దాంలే అనుకున్నాను. యాభైకి నలభైతొమ్మిదే తేలాయి.

నేలంతా గాలించినా దొరకలేదు. క్యాంపు ఆఫీసరు వరసలోంచి ఒక్కడినే బయటికి పిలిచాడు. అతను మొదటి ఏడాది క్యాడెట్, లారీల మెకానిక్కు కొడుకు. ఇత్తడి కనపడితే షెడ్డోళ్ల చేతులు ఊరుకోవంటూ అందరి ముందూ జేబులు తిరగదీయించాడు, బూట్లు విప్పించాడు. ఏమీ లేదు. అయినా ఆ అబ్బాయి పేరు రాసి సంతకం చెయ్యమని నా ముందు కాగితం పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"లెక్క తప్పింది నేను సార్. రాస్తే నా పేరే రాస్తా."

"నీ సర్టిఫికెట్ సంగతేందో ఆలోచించుకున్నావా?"

ఆలోచించుకున్నాను. నా తప్పు నా చేత్తోనే రాసిచ్చాను.

సాయంత్రం డేరాలో చొక్కా చేతుల మడతలు విప్పుతుంటే తొడుగు ఠంగుమని నాపరాయి మీద పడింది. తుపాకీ పక్కన వంగినప్పుడు ఎగిరి నా మడతలోనే పడిందన్నమాట. ఆ అబ్బాయి జేబులు వెతికారు గానీ నా చొక్కా మాత్రం ఎవరూ వెతకలేదు.

పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు పీడా వదిలిందని నవ్వి కాగితం చించబోయాడు. చించొద్దన్నాను. అందులో రాసింది నిజమే, ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది. జేబులు అందరి ముందు తిప్పించారు గనక క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలన్నాను. పల్నాటి పొగరన్నాడు. పొగరే. ఆయన చెప్పలేదు. మర్నాడు పొద్దున వరసలోంచి ముందుకొచ్చి నేనే చెప్పాను, ఆయనకు బాగా వినపడేటట్టు.

సర్టిఫికెట్ ఆగిపోయింది. రాతపరీక్ష రాసే వెళ్లి భుజాన నక్షత్రం పెట్టుకున్నాను. తర్వాత అకాడమీలో క్యాడెట్లకు పాఠం చెప్పేటప్పుడు, ఈ సంగతిని నేను మొనగాడిలా కనపడే చోట ఏనాడూ ఆపలేదు. నా క్షమాపణ విన్నాక ఆ మెకానిక్కు కొడుకు అడిగింది కూడా చెప్పేవాణ్ణి.

"అంతా బాగానే ఉందన్నా. నా జేబులు తిప్పేటప్పుడు నువ్వేం చేస్తన్నావు?"