నాడి చూసిన చెయ్యి

ఈ రోజు కెలమంగలం బస్టాండు పక్కన ఉచిత వైద్య శిబిరం పెట్టారు. కూరగాయలకని వెళ్ళినదాన్ని, వరుస చిన్నదిగా ఉందని నేనూ నిలబడ్డాను.

నర్సమ్మ నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. ఎందుకో ఇంకోసారి లెక్కపెట్టింది.

"ఏమమ్మా, నీ నాడి ఇంత నిదానంగా ఉంది? మాత్రలేమన్నా మింగుతావా?"

"లేదమ్మా. రోజూ సాయంత్రం బిరబిరా నడస్తాను, అంతే. రెండేండ్లయింది."

"అదీ సంగతి! నడిచీ నడిచీ గుండె గట్టిపడిందిలే. ఇప్పుడు నిదానంగా కొట్టుకున్నా ఒళ్ళంతటికీ రక్తం చాలుతుంది. ఎవురితో పోతావు?"

"ఒక్కదాన్నే."

మా ఆయన పోయాక సాయంత్రాలు ఇంట్లో కూర్చోలేక మల్బరీ తోటల వెంబడి నడవడం మొదలుపెట్టాను. గుండె కోసం కాదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఆమె వేళ్ళు ఇంకా నా చేతి మీదే ఉన్నాయి, వెచ్చగా. ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది.

"మళ్ళా ఎప్పుడు రావాలమ్మా?" అని అడిగాను.

"నువ్వెందుకు? బాగుండావు, పో" అని నవ్వుతూ చెయ్యి వదిలేసి, నా వెనకున్నామెను పిలిచింది.

సంతోషించాల్సిన మాటే. అయినా బస్సెక్కి కూర్చున్నాక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ సాయంత్రం నడకకు పోబుద్ధి కాలేదు.

ఒంట్లో బాగుందని చెబితే దిగులుపడినవాళ్ళు నేను కాక ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఈ పోస్టు కింద ఒక మాట రాయండి, నిద్ర పట్టక మేలుకునే ఉన్నాను.