సగం బాబాయి

మా దియోస్‌దాదో బాబాయి ఆ గోదాం దుకాణం నుంచి ఏ వస్తువునూ పూర్తిగా ఇంటికి తెచ్చుకున్న పాపాన పోలేదు. అన్నీ సగమే. సగం బస్తా బియ్యం, సగం డబ్బా వెన్న, సగం కట్ట టాయిలెట్ కాగితం. రెండో సగం ఎవరు పట్టుకెళ్ళారని అడిగితే "ఎవరో మంచి మనిషి" అనేవాడు. పేరేమిటని అడిగితే "పేరు కూడా సగమే గుర్తుంది" అనేవాడు.

కెనడాలో, విన్నిపెగ్‌లో ఉన్న మా ఫిలిపీన్స్ వాళ్ళందరూ ఆయన్ని 'సగం దాదో' అనేవారు. ఆయనది ఇలోకోస్. ఆ ప్రాంతం వాళ్ళు గింజ రాల్చరని మా దేశమంతా ఒక పేరుంది. కాబట్టి దీనికి వేరే కారణం వెతకాలని ఎవరికీ తోచలేదు. "ఇలోకోస్ వాడు కదా, పూర్తి బస్తా కొంటే గుండె ఆగిపోతుంది" అని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

ఆ దుకాణంలో చిన్నది అనేదే దొరకదు. మిరియాలు కావాలంటే కూజాడు కొనాలి. తేనె కావాలంటే బిందెడు. ఇంక శనివారం మధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదు. బయట ముక్కు గడ్డకట్టే చలి, లోపల తిరునాళ్ళ రద్దీ. సభ్యత్వ కార్డు చూపించి ఒకసారి లోపలికి వచ్చాక మన బండి మన మాట వినదు. జనం ఎటు తోస్తే అటు పోతుంది. ఆ తోపులాటలో బాబాయి ఒక్కడే ఖాళీ బండితో, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా నింపాదిగా అందరి మొహాలూ చూసుకుంటూ తిరిగేవాడు.

ఆయన నాకు సొంత బాబాయేమీ కాదు. నేను మొదటిసారి ఆయన కంటపడింది మయొనైజ్ దగ్గర. వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగానికని వచ్చి, ఒక ఇంటి నేలమాళిగలో గది తీసుకుని ఉంటున్న కొత్త రోజులు. రొట్టెలోకి కాస్త మయొనైజ్ ఉంటే బాగుంటుందని వెళితే, అక్కడ ఉన్నది డబ్బా కాదు, బకెట్టు. దాన్ని చూస్తూ నిలబడ్డాను. వెనక నుంచి మా భాషలో ఒక గొంతు వినిపించింది.

"ఏం అమ్మాయ్, దాంతో పోట్లాటా, పెళ్ళా?"

తిరిగి చూస్తే చెవులు మూసే ఉన్ని టోపీలో ఒక పొట్టి ముసలాయన.

"ఇది చాలా పెద్దదండీ" అన్నాను.

"పెద్దదే. సగం నువ్వు, సగం నేను. సరేనా?"

నేను సరే అనేలోపే బకెట్టు ఆయన బండిలోకి వెళ్ళిపోయింది. ఆ వెనకే నేనూ వెళ్ళాను, నా సగం ఆయన దగ్గర ఉంది కనుక.

ఇంటి తలుపు తెరిచిన ఆయన భార్య పురీతా పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మళ్ళీ ఎవర్ని పట్టుకొచ్చారు?"

"మయొనైజ్ అమ్మాయి" అన్నాడు బాబాయి, అదే నా ఇంటిపేరైనట్టు.

"తిన్నావా?" అని పిన్ని నన్నడిగింది. మా వాళ్ళలో ఇది ప్రశ్న కాదు, హెచ్చరిక. తిన్నానని చెప్పినా వదలరు. తిండి అయ్యాకే పంపకం అన్నది ఆ ఇంటి నియమం. కోడి వేపుడూ నూడుల్సూ అయ్యాక బాబాయి రెండు సీసాలు బల్లమీద పక్కపక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గరిటెతో మయొనైజ్ ఎత్తి పోశాడు. కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో బతుకంతా కటింగ్ మాస్టర్‌గా చేసినవాడు. ఆయన సీసాలో వెంట్రుకవాసి ఎక్కువైతే, "ఇది నీది, ఇది నీది" అని నా సీసాలోకి గీకి గీకి వేశాడు.

నా పేరు జొవెలిన్ అని ఆయనకు చాలాసార్లు చెప్పాను. లాభం లేకపోయింది. ఆ ఇంటికి వచ్చే వాళ్ళందరికీ సరుకుల పేర్లే. ఎరిత్రియా నుంచి వచ్చిన తెక్లే 'కోడిగుడ్లు'. మా ఆశ్రమంలోనే వంట చేసే పోలాండ్ ఆవిడ 'ఉల్లిపాయలు'. ఒకరోజు పిన్ని ఫోన్‌లో ఎవరితోనో, "ఉల్లిపాయలకు జ్వరమట, మయొనైజ్ వెళ్ళి చూసొచ్చింది, కోడిగుడ్లు మందులు తెచ్చిచ్చాడు" అని చెబుతుంటే విన్నాను. ఆ ఫోన్‌లో అవతలి మనిషి ఏమనుకుందో దేవుడికెరుక.

సగం చేయడానికి వీల్లేని వస్తువు అంటూ బాబాయికి లోకంలో లేదు. మనవడి పుట్టినరోజుకు బల్లంత కేకు కొని, అదే రోజు కూతురి పుట్టినరోజని కేకు వెతుక్కుంటున్న ఒక తల్లిని పట్టుకున్నాడు. నిలువుగా కోశాడు. వాళ్ళకు 'హ్యాపీ' వెళ్ళింది, వీళ్ళకు 'బర్త్‌డే' మిగిలింది.

"తాతా, నా హ్యాపీ ఏది?" అని మనవడు గోల పెట్టాడు.

"పక్క వీధిలో ఉంది. వెళ్ళి తెచ్చుకో" అన్నాడు బాబాయి.

వాడు నిజంగానే వెళ్ళాడు. వాడి వెనక వాడి స్నేహితులందరూ వెళ్ళారు. ఆ పూట రెండు పుట్టినరోజులూ ఒకే ఇంట్లో జరిగాయి.

అన్నిటికంటే ఘనమైనది మంచు ఊడ్చే యంత్రం. తెక్లేకు అది తొలి శీతాకాలం, ఇంట్లో భార్యా పసిబిడ్డా. వాకిట్లో మంచు నడుంలోతు. బాబాయి యంత్రం కొన్నాడు. తెక్లే సగం డబ్బు వేసుకున్నాడు.

"మరి ఎలా పంచుకుందాం బాబాయ్?" అని తెక్లే అడిగాడు.

"అందులో ఏముంది? శీతాకాలం నువ్వు ఉంచుకో. ఎండాకాలం నేను ఉంచుకుంటా."

తెక్లే పాపం కొత్తవాడు. ఈ దేశంలో ఇదే ఆచారం కాబోలనుకున్నాడు. మంచు కరగగానే యంత్రాన్ని శుభ్రంగా కడిగి తుడిచి తెచ్చి అప్పగించాడు. బాబాయి ఎండాకాలమంతా దాన్ని షెడ్డులో పెట్టి, మళ్ళీ మంచు పడబోయే ముందు తిరిగిచ్చేశాడు. తన వాకిలి మాత్రం పారతోనే ఊడ్చుకున్నాడు.

"ఎండాకాలంలో మంచు యంత్రం వాటాకు తీసుకున్న తెలివిగలవాణ్ణి నేను కట్టుకున్నాను" అని పిన్ని ఊరంతా చాటింది. "ఇలోకోస్ పరువు తీశాడు ఈ మనిషి!"

క్రిస్మస్ దగ్గరపడిన ఒక శనివారం ఇదంతా తలకిందులైంది. ఆ రోజు నేనూ బాబాయి వెంట ఉన్నాను. జంటగా కట్టిన షాంపూ సీసాల దగ్గర ఒకావిడను బాబాయి ఎప్పటిలాగే సగం అడిగాడు. ఆవిడ సరేనంది గానీ, "మీ ఇంటికి ఎవరొస్తారు? నాకు టైము లేదు. ఇక్కడే ఇచ్చెయ్" అంది. బాబాయి ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ కోటు జేబులోంచి మూరెడు కత్తెర తీశాడు. ప్లాస్టిక్ కత్తిరిద్దామని. వెనక ఉన్న మనిషికి ప్లాస్టిక్ కనబడలేదు, కత్తెర కనబడింది. కెవ్వుమని ఒక కేక. ఎప్పుడూ ఖాళీ కాని ఆ వరస రెప్పపాటులో ఖాళీ అయింది.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. పేరు పెల్లీ. బదిలీ మీద కొత్తగా వచ్చిన కుర్రాడు, ముప్ఫై ఉంటాయేమో. కత్తెర తీసుకున్నాడు. మమ్మల్ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"ఇంతకుముందు కూడా మీ మీద ఫిర్యాదులొచ్చాయండీ. ఇంకొక్కసారి ఏ కస్టమర్నైనా ఆపి సగం అని అడిగారంటే కార్డు రద్దు చేయాల్సి వస్తుంది. రూలు చదవమంటారా?"

"చదవండి" అన్నాడు బాబాయి.

ఆ కుర్రాడు నిలబడి రూలంతా చదివాడు. బాబాయి శ్రద్ధగా విన్నాడు. కత్తెర ఇప్పించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు తొలిసారిగా పూర్తి బస్తా బియ్యం, పూర్తి అట్ట కోడిగుడ్లు, పూర్తి డబ్బా వెన్న కొన్నాడు. వాటిని కారులోకి ఎక్కిస్తుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

"పోనీలే బాబాయ్. కాస్త నిదానంగా తినండి. చెడిపోతే చెడిపోతాయి" అన్నాను.

ఆయన డిక్కీ మూసి కారెక్కాడు.

గురువారం నా చేతితొడుగులు బాబాయి ఇంట్లో మరిచిపోయానని గుర్తొచ్చి వెళ్ళాను. వంటింటి మూల బియ్యం సంచి మడతపెట్టి ఉంది. కోడిగుడ్ల అట్ట బోసిగా ఉంది.

"ఏమైంది పిన్నీ? ఎలకలా?"

"ఎలకలు నయమే. మనవలు" అంది పిన్ని. వాళ్ళమ్మాయి మలూ కాపురం వెనక వీధిలోనే. మొగుడూ పెళ్ళాలిద్దరూ షిఫ్టు ఉద్యోగాలు చేస్తారు. ఐదుగురు పిల్లలకూ రెండు పూటలా ఇక్కడే తిండి. నేను వచ్చే శనివారాలు వాళ్ళు హాకీ ఆటకు పోతారు కనుక ఆ దండు తినగా నేనెన్నడూ చూడలేదు.

"మరి ఇన్నాళ్ళూ సగం బస్తాతో ఎలా సరిపెట్టారు?"

"సరిపెట్టడం ఎక్కడిది? శనివారం ఒకర్ని పట్టుకుని సగం తెచ్చేవాడు. బుధవారం మళ్ళీ వెళ్ళి ఇంకొకర్ని పట్టుకుని ఇంకో సగం తెచ్చేవాడు. రెండు సగాలు కలిస్తే ఎంతవుతుందో నువ్వే చెప్పు."

నేను నోరు తెరిచాను. మూయడం మరిచిపోయాను.

"నా మొహం చూస్తావెందుకు? ఆయన్నే అడుగు."

బాబాయి ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. టీవీ కట్టేసి ఉన్నా దానివైపే చూస్తున్నాడు. అడిగాను.

"నువ్వు ఆ రోజు బకెట్టు ముందు ఎంతసేపు నిలబడ్డావో నీకు తెలుసా అమ్మాయ్?" అన్నాడు. "నేను మాంసం దగ్గరికెళ్ళి, రొట్టెల దగ్గరికెళ్ళి, తిరిగొచ్చినా అక్కడే ఉన్నావు. ఇంట్లో మనుషులున్నవాళ్ళు బకెట్టు తీసి బండిలో పడేసుకుని పోతారు. ఇదంతా ఎవరు తింటారు అని నిలబడిపోయేది ఎవరూ లేనివాళ్ళే."

నాకు కాస్త కోపం వచ్చింది. "అంత జాలేస్తే నేరుగా భోజనానికి రమ్మని పిలవొచ్చుగా?"

"పిలిస్తే వచ్చేదానివా? ముక్కూ మొహం తెలియని ముసలాడు ఇంటికి రమ్మంటే పోలీసులకు ఫోన్ చేసేదానివి. నీ వాటా నా దగ్గర ఉందంటే మాత్రం తిట్టుకుంటూనైనా వచ్చావు."

నిజమే. తిట్టుకుంటూనే వచ్చాను.

"ఇప్పుడు చూడు, ఈ పండగ రోజుల్లోనే అలాంటివాళ్ళు ఎక్కువ కనబడతారు. నా నోరేమో కట్టేశారు" అని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

మర్నాడు కాక ఆ మర్నాడు శనివారం. రానంటాడేమో అనుకుంటే, నాకంటే ముందే టోపీ పెట్టుకుని తయారుగా ఉన్నాడు. లోపలికి వెళ్ళాక ఎవరి మొహమూ చూడలేదు. తిన్నగా వెళ్ళి హ్యామ్, అంటే పొగబెట్టిన పంది తొడ, ఒకటి ఎత్తి బండిలో వేసుకున్నాడు. పసిపిల్లాడంత ఉంది. దాన్ని తోసుకుంటూ, డబ్బు కట్టే వరసలన్నీ దాటి, పెల్లీ నిలబడి ఉన్న చోటికి వెళ్ళాడు.

"పెల్లీ గారూ, ఒక్క సందేహం. మీరు ఈ దుకాణంలో కస్టమరా?"

"నేనా? నేను మేనేజర్ని కదండీ."

"అంటే కస్టమర్ కాదు."

"కాదండీ."

"అయితే ఈ హ్యామ్‌లో సగం తీసుకోండి."

పెల్లీ చెవులు ఎర్రబడ్డాయి. "చూడండీ, రూల్స్ ప్రకారం..."

"రూల్లో కస్టమర్లని ఉంది. మీరే చదివి వినిపించారు. బాగా చదివారు."

"నాకెందుకండీ ఇంత మాంసం?"

బాబాయి గొంతు తగ్గించాడు. పక్కనే ఉన్నాను కనుక నాకు వినబడింది. "వచ్చినప్పుడల్లా చూస్తున్నాను నాయనా. మధ్యాహ్నం కారులో ఒక్కడివే కూర్చుని కప్పులో నూడుల్స్ తింటావు. చుట్టూ ఇంత తిండి పెట్టుకుని ఆ కప్పేమిటి? మీదే ఊరు?"

"న్యూఫౌండ్‌లాండ్" అన్నాడు పెల్లీ. దేశానికి ఆ చివర, సముద్రంలో ఉన్న దీవి. "పండగకు ఒక్కరోజే సెలవండీ. వెళ్ళిరావడానికి చాలదు." అంతవరకూ మేనేజర్‌లా ఉన్న గొంతు ఆ మాట దగ్గర మారిపోయింది.

"మా ఇల్లు దగ్గరే. రేపు మధ్యాహ్నం వచ్చి నీ సగం పట్టుకెళ్ళు."

పెల్లీ అటూ ఇటూ చూశాడు. వెనక బండ్ల వరస పెరిగిపోతోంది.

"త్వరగా ఒప్పుకోవయ్యా బాబూ!" అని వరసలోంచి ఎవరో అరిచారు. "ఇక్కడ నా ఐస్‌క్రీం పాయసమైపోతోంది!"

ఆదివారం మధ్యాహ్నం పెల్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖాళీ సంచీ ఒకటి మడిచి చేత్తో పట్టుకుని వచ్చాడు. పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇతనెవరు?"

"హ్యామ్" అన్నాడు బాబాయి.

"తిన్నావా నాయనా?" అంది పిన్ని.

తిన్నానని అబద్ధమాడబోయాడు పెల్లీ. నేను పిన్ని వెనక నుంచి వద్దని తల ఊపాను. కూర్చున్నాడు. ఆ రోజు హాకీ లేదు. మలూ పిల్లలు ఐదుగురూ బల్ల చుట్టూ చేరారు. తెక్లే కుటుంబంతో వచ్చాడు. ఉల్లిపాయలావిడ కూడా వచ్చింది. పెల్లీ మొదట మూతి తుడుచుకుంటూ చిన్న చిన్న ముక్కలు తిన్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు. వాళ్ళ దీవిలో చేపలు పట్టే కథొకటి పిల్లలకు చెప్పాడు. వాళ్ళు నమ్మకపోతే ఒట్టు పెట్టాడు. అన్నం మూడుసార్లు వడ్డించుకున్నాడు.

భోజనాలయ్యాక బాబాయి చేతులు కడుక్కుని కత్తెర పక్కనబెట్టి, రంపం లాంటి కత్తి తీసుకుని, పంపకానికని పళ్ళెం ముందు కూర్చున్నాడు. పళ్ళెంలో ఎముక ఉంది. దాన్ని ఒక కన్ను మూసి చూశాడు. ఇంకో కన్ను మూసి చూశాడు. పంచడానికి మాంసమన్నది ఎక్కడా కనబడలేదు.

"క్షమించాలి పెల్లీ గారూ. మీ వాటా మా మనవలు తినేశారు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన లెక్క తప్పడం అదే మొదలు. "ఎముకైనా చెరిసగం కోస్తాను, ఉండండి."

"దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను!" వంటింట్లోంచి పిన్ని కేక వేసింది. "అది నాకు పెసల పులుసులోకి కావాలి."

పెల్లీ లేచి, తెచ్చిన ఖాళీ సంచీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. కోటు తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, కాస్త సిగ్గుపడుతూ వెనక్కి తిరిగాడు.

"పిన్నిగారూ, ఆ ఎముకలో సగం నాదే కదండీ. పులుసు ఏ రోజు కాస్తారో చెబితే, వచ్చి తినిపోతాను."