దేవుడి గూట్లో బ్యాకప్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలోని ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేదాన్ని. రోగుల వివరాలన్నీ ప్రతి శనివారం సీడీలోకి కాపీ చేసి డాక్టరుగారికి ఇచ్చేదాన్ని. ఆయన వాటిని మేడమీద తమ ఇంట్లో, దేవుడి గూట్లో పెట్టేవారు. అంతకంటే భద్రమైన చోటు లేదని ఆయన నమ్మకం.

ఒకరోజు కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. కొత్తది వేయించి సీడీ పెడితే చదవలేదు. ఇంకొకటి పెట్టాం, అదీ అంతే. డాక్టరుగారు కళ్ళజోడు తీసి నన్నే చూశారు.

"అసలు కాపీ చేసేవా అమ్మా? ఖాళీ సీడీలిచ్చేసేవా?"

"లేదండీ!" అన్నాను గట్టిగా. నాకేమో సీడీలు అమ్మినవాడి మీద అనుమానం. ఒకదాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూద్దును కదా, మెరిసే వైపంతా గీతలే! మధ్య కన్నం చుట్టూ పసుపు.

అప్పుడే డాక్టరుగారి అమ్మగారు మెట్లు దిగి వచ్చి, నా చేతిలో సీడీ చూశారు.

"ఆయ్, నేనేనమ్మా. ఆసుపత్రి ప్రాణమంతా వీటిలోనే ఉందన్నాడు కదా అబ్బాయి! శుక్రవారం శుక్రవారం కుందులతోపాటు కొబ్బరిపీచుతో తోమి బొట్టు పెడుతున్నాను."

డాక్టరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, రోగుల పాత కాగితాల కట్టలు నా బల్లమీదకి చేర్పించారు. వాటిలోంచి అన్నీ మళ్ళీ ఎక్కించేసరికి వేసవి గడిచిపోయింది.

అప్పటినుంచి ప్రతి కాపీనీ పక్క కంప్యూటర్లో తెరిచి, పేర్లు కళ్ళారా చూశాకే బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. అమ్మగారు చిన్నబుచ్చుకోకూడదని పూజకి ఒక ఖాళీ సీడీ ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, నా మొహంలోకి చూశారు.

"ఇందులో అన్నీ ఉన్నాయి కదమ్మా?"

కొడుక్కి అంత గట్టిగా జవాబు చెప్పినదాన్ని, ఆవిడ అడిగేసరికి బీరువా తాళం పడిందో లేదో చూసే నెపంతో అటు తిరిగాను.