రేడియేటరు పక్క జానెడు చోటు

మొన్న ఎండలు ముదిరిన రోజు ఆదోని బస్టాండు ముందు ఎవరిదో కారు ఆగిపోయింది. డ్రైవరు బానెట్టు ఎత్తి, తడిగుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. బుస్సుమని ఆవిరి లేచింది. తుప్పు, కాలిన రబ్బరు, మరిగిన నీళ్లు కలిసిన ఆ వాసన నా ముక్కుకు తగిలింది. ఆ వాసన ఎప్పుడు తగిలినా నాకు కార్లు బాగుచేసే హుసేన్ మిస్త్రీ గుర్తుకొస్తాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ని చూడనివాళ్లకు కాస్త చెబుదామని రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు.

మిస్త్రీ పరిచయం కాకముందు నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి మోసేవాణ్ణి. గాలిలో ఎగిరే దూది నూగు పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. మళ్లీ మిల్లు గడప తొక్కితే బతకవని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకని డ్రైవింగు నేర్చుకుని, ఉన్నదంతా పెట్టి ఒక పాత కారు కొన్నాను. డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది. ఎమ్మిగనూరులో నేతగాళ్లకు నూలు ఇచ్చే ఒక శెట్టి ఆ పత్తికాలమంతా నా కారే మాట్లాడుకున్నాడు. పొద్దున ఆదోనికి, మధ్యాహ్నం తిరిగి ఎమ్మిగనూరుకు. ఆ శెట్టి బాడుగ ఉన్నంతకాలం మిల్లు మొహం చూసే పని లేదు.

ఆ కాలంలో మా దారిలో ప్రతి కారు ముక్కుకూ ఒక పాత పంచె గుడ్డ కట్టి ఉండేది. ఆదోని వీధుల్లో ఎగిరే నూగు రేడియేటరుకు పట్టకుండా అందరం అలా కట్టేవాళ్లం. మొదటిసారి ఆదోనిలో మిస్త్రీ షెడ్డుకు పోయినప్పుడు ఆయన నా కారును కాక ఆ గుడ్డనే చూశాడు. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పెద్దది. తన పనితనం గురించి తానే నలుగురికీ వినబడేట్టు చెప్పుకునేవాడు.

"ఏమప్పా ఈరన్నా, నీ మూతికి గుడ్డ కట్టి పరిగెత్తమంటే పరిగెత్తుతావా?" అని దాన్ని పీకి చేతులు తుడుచుకున్నాడు.

ఎత్తు వస్తే బండి లాగడం లేదని చెప్పాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా ఇంజను నెత్తిన కూర్చుని, రేడియేటరు వదిలిన వేడిగాలే తాగుతోందని, చల్లగాలి తాగిస్తే గుర్రంలా పోతుందని అన్నాడు. డబ్బా విప్పి తెచ్చి ముందు జాలీకీ రేడియేటరుకూ నడుమ బిగించాడు. ఆ సాయంత్రం బండి నిజంగానే గుర్రంలా పోయింది. నేను ఆయన్ని ఆకాశానికెత్తాను. ఆయన వద్దనలేదు.

ఎండ ముదిరాక ఆ సంబరం కరిగిపోయింది. శెట్టిని ఎక్కించుకుని వస్తుంటే సగం దారిలో నీళ్లు మరిగాయి. మరునాడూ మరిగాయి. ఎమ్మిగనూరు స్టాండులో తోటి డ్రైవర్లు నా కారుకు టీ అంగడి అని పేరు పెట్టారు. ఆవిరి కక్కుతూ వచ్చి నిలిస్తే చాలు, రెండు టీలు పొయ్యమని లోటాలు చూపించేవాళ్లు. శెట్టి నవ్వలేదు. ఇంకొక్కసారి నడిదారిలో నిలిస్తే వేరే కారు చూసుకుంటానని తేల్చి చెప్పాడు.

నేను నేరుగా షెడ్డుకు పోయి మిస్త్రీతో జగడం పెట్టుకున్నాను. నువ్వు చేసిన పనికి నేను మళ్లీ మిల్లులో చావాలా అని అడిగాను. కారు పాతదనో, నాకు నడపడం రాదనో అంటాడనుకున్నాను. ఆయన బీడీ పారేశాడు.

"నేనే పెట్టినా, నేనే తీస్తా. కానీ ఎందుకు మరిగిందో సూడకుండా తియ్యను. బండెక్కు."

జిన్నింగు మిల్లుల వెనక, నూగు మంచులా కురిసే సందుల్లో నా చేత బండి తిప్పించాడు. కిటికీలోంచి నూగు వస్తుంటే నాకు దగ్గు ఆగలేదు. ఆయన తన తువ్వాలు నా మూతికి చుట్టాడు. షెడ్డుకు తిరిగొచ్చాక జాలీ విప్పి, ఫిల్టరు డబ్బా దించి, పక్కకు తప్పుకుని నన్ను చూడమన్నాడు. రేడియేటరు మొహమంతా తెల్లగా నూగు పట్టింది. డబ్బా ఉన్న చోట మాత్రం దాని కొలతకే గుండ్రంగా నల్లటి మచ్చ. అక్కడ ఒక్క పోగు లేదు.

"సూసినావా? గాలి పోయినకాడ నూగు కూసుంది. డబ్బా సాటున గాలే పోలేదు. చల్లగాలి ఇంజనుకిస్తి, రేడియేటరు నోరు మూస్తి. ఒకరి కూడు తీసి ఇంకొకరికి పెట్టినట్టయింది."

ఆయన గొంతులో సిగ్గు లేదు, దాపరికం లేదు. దొంగ దొరికినంత సంతోషం ఉంది. అప్పుడే ఇంకొకటి చూపించాడు. రేడియేటరు అంచుకీ ముందు దీపానికీ నడుమ జానెడు సందు ఉంది. ఆ సందులో నూగు దిండులా పేరుకుంది. అంటే బోలెడు గాలి ఎవరికీ పనికిరాకుండా అక్కడినుంచి జారిపోతోంది.

మరునాడు రేడియేటరుకు పట్టిన నూగంతా దులిపి, ఫిల్టరు డబ్బాను ఆ సందులో, దీపం వెనక నిలబెట్టాడు. నూగు దూరకుండా దాని నోరు కిందికి తిప్పాడు. డబ్బాకూ రేడియేటరుకూ నడుమ నూనె డబ్బా రేకు కోసి గోడలా బిగించాడు. ఇంజను వేడి ఇటు రాకుండా, ముందు గాలి అటు జారకుండా ఆ గోడ రెండు పనులూ చేస్తుంది. పొడుగాటి రబ్బరు గొట్టంతో డబ్బాను కార్బురేటరుకు కలిపాడు. అంతా అయ్యాక వెనక డిక్కీలో ఉన్న నా నీళ్ల బిందె తీసి షెడ్డులో పెట్టుకున్నాడు. నేను లబలబలాడితే, బిందె ఉంటే నీ కాలు బ్రేకు మీదికే పోతుందని చెప్పి, ఆ రోజుకు షెడ్డు మూసి తానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. శెట్టి వెనక సీట్లో కునుకు తీశాడు. గాలి వెనకనుంచి తోస్తోంది. అంటే రేడియేటరుకు తగిలేది దాదాపు లేదు. ఎత్తు మొదలయ్యేసరికి ముందు పత్తి బండ్లు వరసగా అడ్డం వచ్చాయి. ఎద్దుల వెనక నడకన పోవాలి. వేడి చూపించే ముల్లు లేచింది. ఇంకాస్త లేచింది. నా కాలు బ్రేకు వైపు జరిగింది.

"నిలపొద్దు, పోనీ," అన్నాడు మిస్త్రీ. ఆయన కూడా ముల్లునే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

ముల్లు ఎర్రగీతకు కొంచెం ఇవతల ఆగింది. ఎత్తు దాటేదాకా అక్కడే నిలబడింది. బండ్లు పక్కకు తప్పుకుని దారి దొరికాక మెల్లగా దిగింది. నేను హారను గట్టిగా మోగించాను. ఎదురుగా ఎవరూ లేరు.

ఎమ్మిగనూరు స్టాండులో శెట్టి కళ్లు నులుముకుంటూ లేచాడు.

"ఈపొద్దు యాడా నిల్సలేదేమప్పా?"

"ఇంక నిల్సదు శెట్టీ," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ఛాతీ పొంగింది, అయినా దగ్గు రాలేదు. లోటాలు పట్టుకుని వచ్చిన డ్రైవర్లు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశారు. కిటుకేమిటని అడిగారు. నన్ను అంతగా ఏడిపించినవాళ్లకు చెప్పడం నాకు ఇష్టం లేదు. బానెట్టు మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాను. మిస్త్రీ నా చెవి దగ్గరకు వంగాడు.

"ఈళ్ల బండ్లు నడిదారిలో నిలిస్తే నీకు దారిచ్చేదెవురప్పా? తియ్, సూపీ."

నా మోచెయ్యి తీయించి తానే బానెట్టు ఎత్తాడు. మొదట తాను డబ్బా ఎక్కడ తప్పుగా పెట్టాడో, నూగు ఏం చూపించిందో, రేకు ఎంత కోయాలో అన్నీ అందరికీ అరిచి చెప్పాడు. తన గొప్ప కూడా మధ్యమధ్యలో కలుపుకున్నాడు. మరుసటి పత్తికాలానికి ఆ దారిలో చాలా కార్లకు దీపం వెనకే ఫిల్టరు, పక్కన నూనె డబ్బా రేకు. కొందరు ఆయన షెడ్డులో చేయించుకున్నారు, కొందరు చూసి వాళ్లే చేసుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

శెట్టి ఆ తర్వాత చాలా ఏళ్లు నా కారులోనే తిరిగాడు. నేను మిల్లు గడప మళ్లీ తొక్కలేదు. తర్వాత ఇంకో కారు, ఆ పైన ఒక చిన్న షెడ్డు పెట్టుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పక్క వీధిలోనే అంగళ్లు తెరిచారు. పోటీ పెంచుకుంటున్నావని మావాళ్లు తిడుతుంటారు. తిట్టనీ. ఎవరైనా వచ్చి ఇదెట్లా చేసినావన్నా అని అడిగితే నా చెయ్యి ముందే బానెట్టు ఎత్తేస్తుంది.