‘చెప్పలేం’ అనే గడి

కరీంనగర్‌లో దారి అడగడం అంత మంచి అలవాటు కాదు. తెలియదని ఎవరూ చెప్పరు. అడిగిన మనిషికి ఏదో ఒక దిక్కు చూపించకపోతే మర్యాద కాదనుకుంటారు. మొన్న ఒకాయన చూపిన దారిలో పోయి, దవాఖానకు బదులు గ్రానైట్ యార్డుకు చేరుకున్నాను. రాళ్లు బాగున్నాయి.

నా ఉద్యోగం సముద్రానికి సంబంధించినది. సముద్రం మాకు ఏ దిక్కున బయలుదేరినా దగ్గర కాదు. ఎండ చేరని లోతుల్లో యంత్రం దీపం వేసి తీసిన ఫొటోలు మా ఆఫీసుకు వస్తాయి. వాటిలోని మెత్తటి పగడాలకు, విసనకర్రల్లా విచ్చుకున్న సీ ఫ్యాన్‌లకు మేం జాతి పేర్లు పెట్టాలి. పేర్ల వరుస చివర ‘చెప్పలేం’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని మా ఆఫీసులో ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు.

నా పక్క సీటు భైంసా అమ్మాయిది. ఇద్దరమూ కొత్తవాళ్లం, పని నచ్చితేనే ఉంచుకుంటారు. ఒకరోజు ఫొటోలు పంపేవాళ్లు మా జవాబులు తిప్పి పంపారు. ఒకే సీ ఫ్యాన్‌ను ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి తీశారట. ఎదురు ఫొటో నాకు వచ్చింది, సీ ఫ్యాన్ అన్నాను. పక్క ఫొటో ఆమెకు వచ్చింది; సన్నగా కనిపించేసరికి కొరడా పగడం అంది. ‘ఖచ్చితంగా’ అన్నచోట ఇద్దరమూ టిక్కు పెట్టాం. వచ్చే విడత కూడా ఇట్లాగే ఉంటే ఇద్దరూ ఇంటికేనని మేనేజరు నవ్వుతూ చెప్పాడు.

“చెప్పలేం అని పెడ్తే మనకు పని రాదనుకుంటరు గదన్నా,” అంది ఆమె.

“పెట్టకపోతే రాదని తెలిసిపాయె గదమ్మా,” అన్నాను.

శనివారం ఇంట్లో కూర్చుని ఆ విడత చేస్తున్నాను. కొలువు నిలుస్తుందా లేదా అన్న ఫికరు నాకంటే నన్ను కన్న బాపుకే ఎక్కువ. వచ్చి కుర్చీ వెనకాల నిలబడ్డాడు. తెర మీద ఎర్రటి సీ ఫ్యాన్. కొమ్మల నిండా ఎనిమిది రేకుల పూలలా విచ్చుకోవాల్సిన పాలిప్‌లనే చిన్న జీవులు ముడుచుకుని ఉన్నాయి. ఇట్లాంటప్పుడు చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెడితే తప్ప జాతి తేలదు. ఫొటోను కోయలేం. ‘చెప్పలేం’ నొక్కాను. తరువాతిదీ అంతే.

“ఏందిరా గది?”

“సముద్రంల విసనకర్ర బాపు.”

“ఏం జాతి?”

“ఫొటో సూసి చెప్పలేం.”

“మరి ముందుగాల్ది?”

“గదీ అంతే.”

బాపు తెర మీదికి వంగి ఆ గడిని వేలితో చూపించాడు.

“తెల్వదని చెప్పెటందుకు నీకు జీతమిస్తుండ్రా?”